జాగ్రత్త: ‘మోషన్ సపోర్ట్’ అని రాసుందని చవక జాయ్‌కాన్లు కొనకండి

నింటెండో స్విచ్ గేమ్ మెషీన్‌కి ఒరిజినల్ కాని జాయ్‌కాన్ (చేత్తో పట్టుకునే చిన్న కంట్రోలర్) జత చవగ్గా వస్తోందని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామం గేమ్ కోసం చూస్తున్నవాళ్లు, డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి.

డబ్బా మీద ‘మోషన్ సపోర్ట్’ అని ఉంటే లోపల గైరో (తిరగడాన్ని కొలిచేది), యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచేది) ఉన్నాయని మాత్రమే అర్థం. రింగ్ ఫిట్‌కి అది చాలదు. గేమ్‌తో వచ్చే రింగ్‌ను ఎంత బలంగా నొక్కారో, లాగారో ఆ రింగే (దాని పేరు రింగ్‌కాన్) కొలిచి, తనకు తగిలించిన కుడి జాయ్‌కాన్ పక్కనుండే పట్టాలోని పిన్నుల ద్వారా పంపుతుంది. చాలా చవక జతల్లో ఆ దారే ఉండదు. కాలికి కట్టుకునే పట్టీలోని ఎడమ జాయ్‌కాన్ పరుగును చక్కగా లెక్కపెడుతుంది, రింగ్ మాత్రం ఎంతకీ కనెక్ట్ కాదు. అడిగితే ‘మోషన్ పనిచేస్తోంది కదా’ అని వాపసు తీసుకోరు. దీన్ని మోసమనే అనాలి.

కుడి జాయ్‌కాన్ అడుగు అంచు చూడండి. ఒరిజినల్‌కి అక్కడ నల్లగా మెరిసే చిన్న కిటికీ ఉంటుంది. అదే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కెమెరా. రింగ్ ఫిట్‌లో బొటనవేలు దానిమీద పెడితేనే నాడి చూపిస్తుంది. అక్కడ ఉత్త ప్లాస్టిక్ ఉంటే ఆ సౌకర్యం లేనట్టే.

షాపులోనే సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి, కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్‌లో మోషన్ కంట్రోల్స్ క్యాలిబ్రేట్ చేయించండి (అంటే సెన్సర్ల సున్నా సరిచేయించండి). జాయ్‌కాన్‌ను చదునైన బల్లమీద కదలకుండా పెట్టి ప్లస్ గానీ మైనస్ గానీ నొక్కి పట్టాలి. తర్వాత ఏదైనా గైరో గేమ్‌లో గురి చూడండి. చెయ్యి కదపకపోయినా గురి మెల్లగా ఒక పక్కకి జరిగిపోతోందంటే గైరో సున్నా తప్పింది. గైరో తిరిగిన వేగాన్ని కూడుకుంటూ కోణం లెక్కేస్తుంది కాబట్టి, చిన్న తేడా కూడా సెకను సెకనుకీ పెరుగుతుంది. క్యాలిబ్రేట్ చేశాక కూడా అలాగే జరిగితే తీసుకోవద్దు. స్టిక్ డ్రిఫ్ట్ (స్టిక్ ముట్టుకోకపోయినా గేమ్‌లో దానంతటదే కదలడం) వేరు, అది స్టిక్ కింది భాగాలు అరిగి వచ్చేది. దానికి అదే మెనూలో స్టిక్స్ పరీక్ష ఉంది.

స్ప్లాటూన్ అనే షూటింగ్ గేమ్‌లో గైరోతో గురి చూడటమే మీ అవసరమైతే జాయ్‌కాన్ జోలికే పోనక్కర్లేదు, స్విచ్‌కే ఉన్న పెద్ద కంట్రోలర్, ప్రో కంట్రోలర్‌లో గైరో ఉంది. అయితే స్విచ్ స్పోర్ట్స్ గేమ్‌కి, రింగ్ ఫిట్‌కి అది పనికిరాదు. స్విచ్ లైట్ (జాయ్‌కాన్లు లేకుండా వచ్చే చిన్న మోడల్) ఉన్నవాళ్లు ఈ రెండింటికీ జాయ్‌కాన్లు విడిగా కొనాల్సిందే.

మన దగ్గర దొరికేది చాలావరకు ఇంపోర్ట్ సరుకు, వారంటీ అంటే అమ్మినవాళ్ల మాటే. అందుకే ‘రింగ్‌కాన్‌తో పనిచేస్తుంది, లేకపోతే వాపసు’ అని బిల్లు మీదే రాయించుకోండి.