మహబూబ్‌నగర్ నుంచి సెకండ్ హ్యాండ్ మోరిని ఎయిర్ పిస్టల్ రివ్యూ: ధర ఎట్ల కట్టినం, ఏం చూసి తీసుకున్నం

మా పాప ఇంటర్ సెకండియర్, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొడ్తది. మొన్నటిదాకా అకాడమీ పిస్టల్‌తోనే నడిచింది, సెలవు దొరికితే జడ్చర్ల షాద్‌నగర్ మీదుగ హైదరాబాద్ పోవుడు, అక్కడ ఎవరన్న కొట్టి పక్కకు పెట్టినంక ఆ పిస్టల్ తీసుకునుడు, ఒక రోజు గ్రిప్ పెద్దది ఇంకో రోజు చిన్నది. స్కోరు ఒక కాడికి వచ్చి ఆగిపోయింది. సొంత పిస్టల్ చేతిల పడితేనే ముందుకు పోతదని కోచ్ సార్ చెప్పిండు. కొత్త మోరిని అడిగితే రెండు లక్షల పైమాటే, అందుకే సెకండ్ హ్యాండ్ చూసి మోరిని సీఎం 162ఈఐ తీసుకున్నం. 2024ల పారిస్ ఒలింపిక్స్‌ల మను భాకర్‌కు షూటింగ్‌ల రెండు కాంస్యాలు వచ్చినంక మా దిక్కు కూడ పిల్లలు ఈ ఆట మీద పడ్డరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ నుంచి కూడ తల్లిదండ్రులు ఎంతకు తీసుకున్నవు ఏం చూసినవు అని అడుగుతుండ్రు, అందరికీ పనికొస్తదని ఇక్కడ రాస్తున్న.

ముందుగాల లైసెన్స్ సంగతి, ఎందుకంటే పిస్టల్ అనంగనే చుట్టాలందరు భయపడ్డరు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్, అంటే బారెల్ బొక్క సైజు, 0.177 అంగుళాలు దాటకుండ, ఎనర్జీ 20 జౌళ్లు దాటకుండ ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీల కొట్టే పిస్టల్ 4.5 మిల్లీమీటర్లు, అంటే అదే 0.177. అరగ్రాము పెల్లెట్, అంటే చిన్న సీసం గుండు, సెకనుకు 150 మీటర్ల చిల్లర వేగంతో పోతది, లెక్క కడితే 6 జౌళ్ల దరిదాపు. లైసెన్స్ లేకున్నా కాగితాలు మాత్రం ఉండాలె, అమ్మేటోని పేరు మీద బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, అదే నంబర్ పిస్టల్ మీద, వీలైతే డబ్బాల ఉండే ఫ్యాక్టరీ టెస్ట్ టార్గెట్ (ఫ్యాక్టరీల కొట్టి చూసిన కాగితం) మీద కూడ. బిల్లు పోయింది అంకుల్ అనేటోని దగ్గర ఎంత చవక అయినా తీసుకోకుండ్రి, రేపు మనం అమ్మాలన్నా అదే మాట మనం చెప్పాల్సి వస్తది.

మొదలు హైదరాబాద్‌ల ఒక డీలర్ దగ్గరికి పోయినం, పేరు వద్దు. ఆయన చూపించిన పిస్టల్ అద్దం లెక్క మెరుస్తుండె, పాలిష్ చేయించి కొత్త డబ్బాల పెట్టిండు. సిలిండర్ మీద తేదీ ఏది సార్ అంటే గీకి పోయింది సార్ అన్నడు. అంతే, లేచి వచ్చినం. దేవరకద్ర సంతల ఎద్దును కొనేటోడు కొమ్ములకు ఏసిన రంగు చూడడు, నోరు తెరిచి పండ్లు చూస్తడు. ఈ పిస్టల్‌కు పండ్లు అంటే సిలిండర్ మీద కొట్టిన తేదీనే.

ఎందుకో చెప్తా. ఈ పిస్టల్ బారెల్ కింద పొడుగ్గ ఉండే సిలిండర్ల 200 బార్ ప్రెషర్ దాకా గాలి నింపుతరు. 200 బార్ అంటే మామూలు సంగతి కాదు, కారు టైర్ల రెండు బార్ల చిల్లర ఉంటది. అందుకే సిలిండర్‌కు తయారైన నాటి నుంచి 10 ఏండ్లే ఆయుష్షు, తేదీ దాటితే పోటీల వాడనియ్యరు, ఇంట్ల కూడ వాడొద్దు. తేదీ లోపల ఉందా లేదా చూసుకునే బాధ్యత కొట్టేటోళ్లదే అని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూల్‌లనే ఉంది. పిస్టల్ ముప్పై ఏండ్లు నడవొచ్చు గాని సిలిండర్ నడవదు, ధరల పెద్ద కోత పడేది ఇక్కడనే, ఇదే మస్తుమంది చూడరు.

మాకు అమ్మిన పిల్లగాడు నేషనల్స్ దాకా కొట్టినోడు, బెంగళూరుల ఉద్యోగం వచ్చి ఆట వదిలిపెట్టిండు. మర్యాద ఉన్న పిల్లగాడు, ఏది అడిగితే అది విప్పి చూపించిండు. 1,40,000 చెప్పిండు. రెండు సిలిండర్లు ఉన్నయి అంకుల్, అందుకే ఆ రేటు అన్నడు. చూస్తే ఒకదాని మీద 2014, ఇంకోదాని మీద 2017. 2014దానికి ఆయుష్షు తీరిపోయింది, దానికి రూపాయి కూడ కట్టొద్దు, ఉట్టిగ ఇచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే ఇంట్ల ఉంటే ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు నింపుతరు. 2017దానికి ఇంకా కొంత టైం ఉండె గాని పాప చదువు అయ్యేలోపు కొత్తది కొనుడు ఖాయం. కొత్త సిలిండర్ మాకు 20,000 చుట్టూ చెప్పిండ్రు, అది ధరల నుంచి తీసేయాలె అన్న. పిల్లగాడు కొంచెం సేపు చూసి సరే అంకుల్ అన్నడు.

తేదీ ఒక్కటే కాదు, గాలి పట్టి ఉంటదా లేదా కూడ చూడాలె. సిలిండర్‌కు చిన్న మీటర్ ఉంటది, సాయంత్రం రీడింగ్ ఫోన్‌ల ఫొటో తీసుకొని పొద్దుగాల మళ్ల తీయాలె. రాత్రి చలికి కొంచెం దిగుతది, ఎండెక్కినంక మళ్ల ఎక్కుతది, అది లెక్క కాదు. బాగ దిగి అట్లనే ఉంటే సీళ్లు, అంటే గాలి బయటికి పోకుండ ఆపే రింగులు, పోయినట్టు. సీళ్లు మార్చుడు పెద్ద ఖర్చు కాదు గాని ఎన్నేండ్లు వాడకుండ అల్మారల పడేసిండో దాన్ని బట్టి తెలుస్తది. నిజం చెప్పాల్నంటే రోజూ కొట్టిన పిస్టలే నయం, ఏండ్ల తరబడి ముట్టనిదాంట్ల సీళ్లు ఎండిపోతయి. చాలమంది ఎన్ని వేల షాట్లు కొట్టిండు అని అడుగుతరు, బైక్‌కు కిలోమీటర్లు అడిగినట్టు. గాలితో పోయే మెత్తటి సీసం పెల్లెట్‌కు బారెల్ అంత తొందరగ అరగదు. బారెల్ చివర దెబ్బ తగిలిందా, లోపల తుప్పు ఉందా అని టార్చ్ పెట్టి చూస్తే చాలు.

ఇగ ట్రిగ్గర్. ఈఐ మోడల్‌కు బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, ఇదే కంపెనీల ఎంఐ అని మెకానికల్ ట్రిగ్గర్ మోడల్ కూడ ఉంది. ఎలక్ట్రానిక్‌ది గుంజుతే గాజు ముక్క పటుక్కుమన్నట్టు తెగుతది, పాప చేతికి అదే నచ్చింది. కాని కొనేటప్పుడు దీన్ని ఓపికతో చూడాలె, పెల్లెట్ లేకుండ డ్రై ఫైర్ పెట్టి మస్తుసార్లు నొక్కాలె, నడుమ ఒక్కసారి పలకకపోయినా బ్యాటరీ మార్చి మళ్ల చూడాలె, అయినా అట్లనే ఉంటే ఆ పిస్టల్ వద్దు. టోక్యో ఒలింపిక్స్‌ల మను భాకర్‌కు క్వాలిఫికేషన్ నడుమ పిస్టల్ మొరాయించి ఎంత టైం పోయిందో అందరం చూసినం, అంత పెద్ద షూటరే తట్టుకోలేకపోయింది, మన పిల్లలు డిస్ట్రిక్ట్ మీట్‌లనే ఏడుస్తరు. ఇంకొకటి, రూల్ ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు లేపాలె, అంటే అంత బరువు తగిలించి లేపినా తెగొద్దు. కిరాణా షాపుల అరకిలో తూకం రాయి తీసుకుపోయిన, పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకొని, గాలి ఉన్న సిలిండర్ పెట్టి, బారెల్ మీదికి నిలబెట్టి ట్రిగ్గర్‌కు దారంతోటి ఆ రాయి తగిలించి లేపినం, ట్రిగ్గర్ తెగకుండ ఆగింది. ఆగకపోతే సెట్టింగ్ స్క్రూతోటి పెంచొచ్చు, అది లోపం కాదు, పెంచినా ఆగకపోతేనే లోపం.

కొట్టి చూడకుండ మాత్రం పైసలు ఇయ్యకుండ్రి. మేము అకాడమీ రేంజ్‌లనే చూసినం, కోచ్ సార్ ఇసుక సంచి మీద పిస్టల్ ఆనించి మ్యాచ్ పెల్లెట్లు ఐదు కొట్టిండు. టార్గెట్ నడుమ ఉండే పది రింగ్ 11.5 మిల్లీమీటర్లు ఉంటది, ఐదు పెల్లెట్లు దాదాపు ఒకే బొక్కల పడ్డయి. మనిషి చెయ్యి వణుకుడు పక్కకు తీస్తే పిస్టల్ తప్పు ఎంతనో అట్లనే తెలుస్తది. పెల్లెట్ మంచిది వాడాలె, దుకాణంల దొరికే మూతి కోసుగ ఉన్నయి పెట్టి కొట్టి పిస్టల్ బాగలేదంటే అన్యాయం. గురి చూసే వెనుక సైట్ స్క్రూ తిప్పుతే ఒక్కో క్లిక్కు గట్టిగ తెలియాలె, లూజుగ తిరిగితే రేపు సైట్ నిలవది.

గ్రిప్ దగ్గరనే మాకు ఎక్కువ బేరం అయింది. కట్టె గ్రిప్, చేతికి అతుక్కున్నట్టు ఉండాలె, సైజులు ఉంటయి, కుడిచెయ్యి ఎడమచెయ్యి వేరు. ఆ పిల్లగాడు తన చేతికి తగ్గట్టు ఆకురాయితోటి రాకి, ఇంకోకాడ పుట్టీ పెట్టి మంచిగ చేసుకున్నడు, ఆయనకు అది బంగారం, మా పాప చెయ్యి సన్నది, వేళ్ల మధ్యల సందు వస్తుండె. డాడీ పిస్టల్ మంచిగుంది గాని చేతిల తిరుగుతుంది అన్నది. చెక్కిన గ్రిప్‌ను చిన్న చేతికి మళ్ల పెంచాలంటే పుట్టీతోటి కొంతవరకే అయితది. పాప సైజు గ్రిప్‌కు 12,000 అయితదని తెలుసుకునే పోయిన, అది కూడ తీసేయమన్న. అట్ల 1,40,000ల సిలిండర్‌వి 20,000, గ్రిప్‌వి 12,000 పోయి 1,08,000కు ఖాయం అయింది. అంతకంటే కింద అడగలే, అడగబుద్ధి కూడ కాలే, ఎందుకంటే మిగతాదంత మంచిగున్నది, ఆ పిల్లగాడు డ్రై ఫైర్ ఎట్ల చెయ్యాలె, ఎక్కడ నూనె పెట్టొద్దు అన్నీ పాపకు కూసొని చెప్పిండు.

తెచ్చుకున్నంక మన ఊర్ల తిప్పలు వేరే. హైదరాబాద్‌ల అకాడమీల పెద్ద ట్యాంక్ నుంచి గాలి నింపుతరు, మహబూబ్‌నగర్‌ల మాకు అట్లాంటిది దొరకలే. నిండు సిలిండర్‌కు సుమారు 150 నుంచి 200 షాట్లు వస్తయి, ఒక మ్యాచ్ 60 షాట్లు, ముందు గురి సర్దుకునే సైటింగ్ షాట్లు వేరే, అంటే గట్టిగ ప్రాక్టీస్ చేస్తే ఒకటి రెండు రోజులకే అయిపోతది. అందుకే చేతి పంపు కొనాల్సి వచ్చింది, ఇది కూడ బడ్జెట్‌ల ముందే పెట్టుకోండ్రి. పంపు కొట్టుడు మామూలు కష్టం కాదు, పాపతోటి కాదు, నేనే కొడ్త. కొంచెం కొట్టి ఆగాలె, వేడెక్కితే లోపల తేమ పడుతది, తేమ పడితే సీళ్లకు, లోపలి వాల్వ్‌కు చెడు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. మా కాలనీల ఒకాయన మంచి మనసుతోనే, వెల్డింగ్ షాపుల ఆక్సిజన్ సిలిండర్ ఉంటది కదనే, దాంతోటి నింపిస్త అన్నడు. ఎట్టి పరిస్థితిల వద్దు. అంత ప్రెషర్ల ఆక్సిజన్‌కు కొంచెం నూనె, గ్రీజు తగిలినా అంటుకొని పేలుతది, చేతుల పిస్టల్ పేలితే ఏమైతదో చెప్పక్కర్లేదు. ఆస్పత్రి ఆక్సిజన్ అయినా అంతే. పొడి గాలి ఒక్కటే నింపాలె.

పిస్టల్ వరకు చెప్పాల్నంటే మోరినికి ఐదుకు నాలుగున్నర ఇస్త. బరువు ముందుకు గుంజకుండ ఉంటది, ట్రిగ్గర్ ఒక్కసారి కూడ మోసం చెయ్యలే, పాప స్కోరు కదిలింది. అర పాయింట్ ఎందుకు తీసినంటే సర్వీసుకు, పార్టులకు మన దిక్కు దిక్కులేదు, చిన్న సీల్ కావాలన్నా హైదరాబాద్ పోవాలె లేకుంటే ఢిల్లీ, ముంబై నుంచి తెప్పియ్యాలె. ఎలక్ట్రానిక్ బోర్డు పోతే ఇక్కడ చూసేటోడు లేడు. అందుకే మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి అసొంటి ఊర్ల ఉండేటోళ్లు, కోచ్ దగ్గర్ల లేనోళ్లు మెకానికల్ ట్రిగ్గర్ మోడల్ చూసుకునుడు నయం అని నా అభిప్రాయం. స్టయర్ కంపెనీ పిస్టల్ కూడ మంచిదే, ఆస్ట్రియాది, రేంజ్‌ల పాప కొట్టి చూసింది, ఆమె చేతికి మోరిని గ్రిప్ వాలు నప్పింది, మీ పిల్లల చేతికి ఏది నప్పుతదో కొట్టిచ్చి చూడాల్సిందే.

ఇంట్ల మేడ మీద రేకుల కింద 10 మీటర్లు కొలిచి, టార్గెట్ నడుమ భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తుల పెట్టి, వెనుక ఇనుప పెల్లెట్ ట్రాప్ పెట్టినం, పక్క తలుపుకు లోపలి నుంచి గడియ. కొట్టుడు అయినంక సిలిండర్ ఇప్పి వేరే, పిస్టల్ వేరే, పెల్లెట్లు వేరే, తాళం చెవి నా దగ్గర. కొత్త సిలిండర్‌కు ఆర్డర్ ఇచ్చినం, వచ్చినంక దాని మీద తేదీ, అసలు ధర ఇక్కడనే కింద రాస్త.