రిపోర్టులో రెండో వైరస్

డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివిపెట్టే (సీక్వెన్సింగ్) ఒక సంస్థకు అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ మూడూ యంత్రానికి, కొరియర్‌కు. మిగతా రెండూ రిపోర్టు రాసినవారు పోగొట్టారు.

కర్నూలులో హంద్రీ నది తుంగభద్రలో కలిసే చోటికి కాస్త ఎగువన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సీసాలో నీళ్లు పట్టాను. వడకట్టి ఈ.కొలై బ్యాక్టీరియా మీద పోస్తే మర్నాటికి ప్లేటు నిండా ఆవగింజలంత మచ్చలు. బ్యాక్టీరియాను ఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లు, పగలగొట్టిన చోట్లు అవి. ఒక మచ్చను మూడుసార్లు శుద్ధి చేసి, డీఎన్‌ఏ తీసి, బెంగళూరులోని ఆ సీక్వెన్సింగ్ సంస్థకు పంపాను. ఏప్రిల్ ఎండలో ఐసు ప్యాకుల థర్మోకోల్ పెట్టెతో మనిషి కళాశాలకే వచ్చాడు. చెప్పినట్టే మూడు వారాల్లో ఫలితాలు అందాయి. అడగకుండానే ముడి డేటా కూడా ఇచ్చారు, అదే నన్ను కాపాడింది.

రిపోర్టులో రెండు ఫేజ్‌లు ఉన్నాయి. మొదటిది దాదాపు లక్షా 67 వేల డీఎన్‌ఏ అక్షరాలది, టీ4 అనే పేరున్న ఫేజ్ తరహాది. రెండోది 5,386 అక్షరాలది. పక్కన 'కొత్త ఫేజ్ కావచ్చు' అని రాశారు. ఏటా పీజీ పిల్లలకు నేను బోర్డు మీద రాసే అంకె అది! ఫైఎక్స్174 అనే ఫేజ్‌ది. డీఎన్‌ఏ జన్యుక్రమాల్లో మొట్టమొదట పూర్తిగా చదివినది అదే, 1977లో, ఫ్రెడరిక్ శాంగర్ బృందం. డీఎన్‌ఏ చదివే ఇల్యూమినా యంత్రం సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి ఆ డీఎన్‌ఏనే శాంపిళ్లతో కలిపి నడుపుతారు, తర్వాత ఏరి తీసేయాలి. కందిపప్పుతో పాటు తూకపురాయిని కూడా సంచిలో వేసి, 'ఇది కొత్తరకం పప్పు' అని చీటీ పెట్టినట్టుంది.

ఫోను చేస్తే "సాఫ్ట్‌వేర్ అలా ఇచ్చింది మేడమ్" అన్నారు. రెండు రోజుల్లో ఉచితంగానే సరిచేసిన రిపోర్టు వచ్చింది. మొదటి ఫేజ్‌కు గీసిన గుండ్రటి జన్యుపటం మాత్రం అలాగే ఉంది. టీ4 ఫేజ్ తలలో ఉండే డీఎన్‌ఏ పొడవాటి దారం. ఆ దారం ఒక్కో తలలో ఒక్కో చోట మొదలవుతుంది, మొదట్లోని భాగమే చివర మళ్లీ వస్తుంది. అందుకే ముక్కలు అతికించే ప్రోగ్రామ్‌కు అది గుండ్రంగా తోస్తుంది. బొమ్మ కింద ఆ మాట ఒక్కటి రాయవలసింది.

కేసీ కాలువ శాంపిల్ కూడా వీళ్లకే పంపుతున్నాను. రిపోర్టు వద్దు, డేటా చాలు, ధర తగ్గిస్తారా అని అడిగాను. తగ్గించలేదు.