పరుగుకి గోపాల్‌పూర్ మేలా, కోరాపుట్ మేలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ పొద్దున్నే పరుగుకి వెళ్లే తెలుగువాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నాలుగు రోజులు సెలవు దొరికితే అందరి నోటా ఒకటే మాట: గోపాల్‌పూర్ పోదాం, సముద్రం పక్కన పరిగెడదాం. కొండలు ఇంత దగ్గర పెట్టుకుని అందరూ చదును రోడ్డు వెతుక్కుంటారెందుకో నాకు అర్థం కాదు. అందుకే 2024 ఆగస్టులో, పారిస్ ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు, బావా నేనూ బరంపురంలో మొదలుపెట్టి కోరాపుట్ దాకా వెళ్లొచ్చాం. చూడాల్సిన చోట్ల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. తెల్లవారుజామున నాలుగున్నరకి లాడ్జి గేటు తీస్తారా, ఆ వేళ టీ దొరుకుతుందా, రోడ్డు మీద లారీల గోల ఎంత, తిరిగొచ్చాక వేడినీళ్లు వస్తాయా, ఇవీ మా లెక్కలు.

గోపాల్‌పూర్ బరంపురానికి 16 కిలోమీటర్లు. ఆటోలకీ బస్సులకీ లోటు లేదు. బీచ్ రోడ్డు చదునుగా, నీటుగా ఉంటుంది. కాకపోతే పొట్టి రోడ్డు. పదిహేను కిలోమీటర్లు పూర్తి చేయాలంటే లైట్‌హౌస్‌కీ ఇవతలి చివరకీ మధ్య గానుగెద్దులా తిరగాలి. ఆగస్టులో ఆరు గంటలకే ఉక్కపోత మొదలవుతుంది, బనీను పిండితే చెంబెడు చెమట. సముద్రం కనబడే గదులకి రేటు ఎక్కువ, వెనక వీధిలో అవే మంచాలు, అదే బాత్రూం, అద్దె మాత్రం బాగా తక్కువ. పిల్లలతో వెళ్లేవాళ్లకి మంచి చోటే. పరుగు కోసమే అయితే ఒక్క రాత్రి చాలు.

తప్తపాణి కథ వేరు. బరంపురం నుంచి 50 కిలోమీటర్లుంటుంది, ఘాట్ రోడ్డు మీద. అక్కడి పంథనివాస్‌లో (ఒడిశా టూరిజం వాళ్ల హోటల్) కొన్ని గదుల తొట్లలోకి వేడినీటి బుగ్గ నీళ్లే వదులుతారు. గంధకం వాసన మొదట కొంచెం ముక్కుకి తగులుతుంది, తర్వాత అలవాటైపోతుంది. పరిగెత్తి అలిసిన పిక్కలు అందులో అరగంట నానబెడితే ఏ మసాజూ అక్కర్లేదు. అలాంటి గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. పరుగుకి మాత్రం ఆ రోడ్డు వద్దు. మలుపు మలుపుకీ ఎదురుగా ఏదో ఒక బండి, పక్కకి తప్పుకుందామంటే చోటు లేదు. అక్కణ్ణుంచి ఇంకొంచెం ముందుకి, గజపతి జిల్లా చంద్రగిరి వెళితే టిబెటన్లు స్థిరపడిన పల్లెలు, వాళ్ల మొక్కజొన్న చేలు, జీరంగ్‌లో పెద్ద బౌద్ధారామం. చేల మధ్య రోడ్లు ఖాళీగా ఉంటాయి, చిన్న చిన్న ఎక్కుళ్లు, చల్లగాలి. ఈ దారిలో నాకు బాగా నచ్చింది ఇదే. అయితే ఉండడానికి గదులు అంతంతమాత్రం. తెల్లారి వచ్చి పరిగెత్తి వెళ్లిపోయేవాళ్లకి బాగుంటుంది.

బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున కోరాపుట్‌లో దిగొచ్చు. స్లీపర్ చాలు, పైకి వెళ్లేకొద్దీ చలే. రాయగడ దాటాక సొరంగాలే సొరంగాలు. మేం రాయగడలో దిగలేదు, కాబట్టి ఆ ఊరి గురించి ఏమీ చెప్పను. కోరాపుట్ స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటోవాళ్లు మొదట చెప్పే రేటు వినగానే ఎక్కేయకండి. తెలుగులో బేరమాడితే తెలుగులోనే దిగొస్తారు.

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన రన్నర్లలో కొందరు దీన్ని ఆల్టిట్యూడ్ ట్రైనింగ్ అని చెప్పుకుంటున్నారు. అదేం కాదు. రన్నర్లు సాధన కోసం వెళ్లే, కెన్యాలో పేరుమోసిన ఇటెన్ ఊరు 2,400 మీటర్ల దరిదాపుల్లో ఉంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరమే 1,672 మీటర్లు. గాలి పలచబడి రక్తంలో మార్పు రావాలంటే ఈ ఎత్తు చాలదు. ఇక్కడ దొరికేవి రెండు: చల్లదనం, ఎక్కుడు. రెండూ బరంపురంలో దొరకవు.

ఎక్కుడు ఏం చేస్తుందో ఆగస్టు 10న పారిస్ ఒలింపిక్స్ మగవాళ్ల మారథాన్‌లో చూశాం, కోరాపుట్ లాడ్జిలో కూర్చుని ఫోన్‌లో. ఆ మారథాన్ దారి నగరంలో మొదలై వెర్సాయ్ దాకా వెళ్లి తిరిగొస్తుంది. 1789లో, ఫ్రెంచి విప్లవం అప్పుడు, రొట్టె కోసం ఆడవాళ్లు రాజు దగ్గరికి నడిచి వెళ్లింది వెర్సాయ్‌కే, ఆ గుర్తుగానే ఈ దారి. మొత్తం ఎక్కుడు 436 మీటర్లు. ఒక చోటయితే ఏటవాలు 13.5 శాతం, అంటే వంద మీటర్లు వెళితే పదమూడున్నర మీటర్లు పైకి.

మన టైంలో పదకొండున్నరకి మొదలు. మేమున్న లాడ్జిలో పన్నెండింటికల్లా గది ఖాళీ చేయాలి. రెండు గంటలు ఎక్కువ ఉంటామంటే మేనేజరు సగం రోజు అద్దె అడిగాడు. "ఏటి బావా, ఒలింపిక్స్ టికెట్ కొన్నామనుకో, కట్టీ" అన్నాడు బావ. కింద హాల్లో టీవీ ఉంది, కానీ అందులో, బరువు ఎక్కువైందని ఫైనల్‌కి ముందు తప్పించిన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ అప్పీలు వార్త తప్ప ఇంకోటి రావడం లేదు, ఆ వార్త వదిలి మారథాన్ పెట్టమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి జియో సినిమాలో చూశాం. ఊళ్లో సిగ్నల్ బాగానే ఉంది, ఎక్కడా ఆగలేదు.

ఇథియోపియా తమిరాత్ తోలా అసలు రిజర్వు ఆటగాడు. సిసాయ్ లెమ్మాకి గాయమైతే చివర్లో ఈయన్ని తీసుకున్నారు. 28 కిలోమీటర్లు దాటాక ఆ గోడలాంటి ఎక్కుడు దగ్గర, మిగతావాళ్లు అడుగులు చిన్నవి చేసుకుంటుంటే, ఈయన ఒక్కడే విడిపోయి ముందుకి వెళ్లిపోయాడు. ఇక దొరకలేదు. 2:06:26. 2008లో బీజింగ్‌లో కెన్యా రన్నర్ వాన్జిరు పెట్టిన ఒలింపిక్ రికార్డు ఆరు సెకన్లతో పోయింది, అదీ ఇంత ఎగుడుదిగుడు దారి మీద. బెల్జియం బషీర్ అబ్దీ 21 సెకన్ల వెనక రెండో స్థానం, కెన్యా బెన్సన్ కిప్రుతో మూడో స్థానం. అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లోనూ మారథాన్ గెలిచిన కెన్యా కిప్‌చోగే 30 కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు. అంతకుముందు ఏ మారథానూ ఆయన మధ్యలో వదలలేదు. మొదలుపెట్టినవాళ్లలో మనవాళ్లెవరూ లేరు. 1976 మాంట్రియల్‌లో శివ్‌నాథ్ సింగ్ పదకొండో స్థానంలో వచ్చిన దేశం మనది, ఆ సంగతి ఇప్పుడు ఎంతమందికి తెలుసో. ఆ రాత్రే అదే దారిలో మామూలు జనాన్ని కూడా మారథాన్ పరిగెత్తనిచ్చారు, 20,024 మందికి చోటిచ్చారట. బావ అప్పట్నుంచీ పాస్‌పోర్టు గురించి మాట్లాడుతున్నాడు.

కోరాపుట్‌లో ఎక్కడ పరిగెత్తాలంటే, జయపురం ఘాట్ వైపు మాత్రం వద్దు. అది జాతీయ రహదారి, లారీలు ఆగవు. జగన్నాథ గుడి ఉన్న గుట్ట చుట్టూ వీధులు ఎక్కుడు సాధనకి సరిపోతాయి, వీధి దీపాలుంటాయి కాబట్టి చీకట్లోనూ వెళ్లొచ్చు. కుక్కలు మాత్రం ఉన్నాయి, చేతిలో చిన్న కర్ర మంచిది. బస్టాండు దగ్గర టీ కొట్టు మేం వెళ్లేసరికే తెరిచి ఉంది. నిక్కర్లలో మమ్మల్ని చూసి కొట్టాయన "బుధియాకి చుట్టాలా?" అన్నాడు. 2006లో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లాడు పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరిగెత్తిన కథ ఒడిశాలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ వయసు పిల్లాణ్ణి అంత దూరం పరిగెత్తించడం నాకైతే అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

తిండికి ఇబ్బంది లేదు. ఇడ్లీ, వడ ఎక్కడైనా ఉంటాయి. పరుగు తర్వాత మాత్రం మండియా పేజ్ అడగండి, మన చోడి (రాగి) అంబలే, కొంచెం పలచన. రెండు గ్లాసులు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. కోరాపుట్ కాఫీ పొడి కొనుక్కోండి. గదికి ఏసీ కోసం డబ్బు తగలేయకండి, ఆగస్టులో మేం రాత్రి ఫ్యాను కూడా ఆపేసి పడుకున్నాం. ఆ డబ్బు గీజరున్న గదికి పెట్టండి, అదీ డబ్బు కట్టకముందే నీళ్లు తిప్పి చూసి.

దేవమాలికి సిమిలిగుడలో దిగడం మేలు. శిఖరం దగ్గరిదాకా బండి వెళ్లే రోడ్డుంది. కింద జీపు ఆపించి మేం ఎక్కుడు మొదలుపెట్టాం. మంచు ఎంత దట్టమంటే పది అడుగుల ముందున్న బావ తెల్ల బనీను కనబడదు, బూట్ల చప్పుడు మాత్రం వినబడుతుంది. తడిసిన రోడ్డు మీద నాచు పట్టినచోట కాలు జారుతుంది, అక్కడ నడవడమే నయం. పైన సిగ్నల్ లేదు, కొట్టు లేదు, నీళ్లు మనమే మోసుకోవాలి. జీపు డ్రైవరుతో వెయిటింగు ఎంతసేపో, ఎంతకో ముందే మాట్లాడుకోండి. వర్షాలు తగ్గాక, అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు దాకా అయితే రోడ్డు ఆరి ఉంటుంది. డిసెంబరు, జనవరి శనాదివారాల్లో పిక్నిక్ బళ్లు ఎక్కువ.

ఎక్కడం కాదు, దిగడమే కాళ్లని చంపుతుంది. దిగుతున్నప్పుడు ప్రతి అడుగుకీ తొడ కండరం బ్రేకు వేస్తూ ఉంటుంది, నొప్పి మాత్రం మర్నాడు తెలుస్తుంది. కాబట్టి సిమిలిగుడలో గది కింది అంతస్తులోనే అడగండి. మాకు మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. మర్నాడు పొద్దున బావ రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి మెట్లు దిగుతుంటే కౌంటర్లో కుర్రాడు కంగారుపడి, ప్రభుత్వాసుపత్రి ఏ వీధిలో ఉందో చెప్పాడు.