కాక్‌టెయిల్ సిరప్ సెట్ కొనేవారికి హెచ్చరిక: చక్కెర తక్కువున్న సిరప్‌తో పొరలు నిలవవు

శుభకార్యాల కోసం ఆన్‌లైన్‌లో 'లేయర్డ్ కాక్‌టెయిల్ సెట్' (గ్లాసులో రంగులు పొరలుగా కనిపించే పానీయాల సెట్) పేరుతో అమ్ముతున్న సిరప్ సీసాలు కొనాలనుకునేవారు, డబ్బు కట్టే ముందు సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలను తప్పక చదవాలని కోరుతున్నాను. నేను చదవలేదు. అందువల్ల మా తమ్ముడి నిశ్చితార్థం నాడు, నల్లగొండలో మా ఇంటి మేడ మీద, 60 మంది బంధువుల ముందు చిన్నబోవలసి వచ్చింది.

ఆరు సీసాల సెట్‌కు 2,650 రూపాయలు చెల్లించాను. గ్రెనడిన్ (ఎర్రని దానిమ్మ సిరప్), బ్లూ క్యురసావ్ (నారింజ రుచి గల నీలి సిరప్), కాఫీ వంటి రుచులతో పాటు తయారీ విధానం అచ్చువేసిన చిన్న పుస్తకం కూడా అందులో ఉంది. ప్రకటన బొమ్మలో గ్లాసు అడుగున ఎరుపు, నడుమ పసుపు, పైన నీలం కత్తితో కోసినంత స్పష్టంగా కనిపించాయి. బత్తాయికి పేరుపడ్డ జిల్లా మనది కనుక నడిమి పొరకు ఇక్కడి బత్తాయి రసమే వాడాలని, పెద్దలకు, పిల్లలకు మద్యం లేకుండానూ, సాయంత్రం తమ్ముడి స్నేహితులకు వోడ్కాతోనూ ఇవ్వాలని అనుకున్నాను.

పుస్తకంలో చెప్పినట్టే గ్లాసులో ముందు రసం పోసి, గోడ వెంట గ్రెనడిన్ జారవిడిచాను. అది అడుగుకు చేరలేదు. సగం దారిలోనే రసంలో కలిసిపోయింది. చెంచాను బోర్లించి, దాని వీపు మీదుగా నీలి సిరప్ కలిపిన సోడాను ఎంత నెమ్మదిగా పోసినా, పది నిమిషాల్లో గ్లాసంతా బురద రంగుకు తిరిగింది. మా మేనమామ గ్లాసు చేతిలోకి తీసుకుని, "ఇదేంది బిడ్డా, చెరువు నీళ్ల లెక్కున్నది" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

పొరలు నిలిచేది చేతి నేర్పు వల్ల మాత్రమే కాదు, ద్రవాల సాంద్రత వల్ల, అంటే ఒకే కొలతకు ఏది ఎంత తూగుతుందన్న దాన్ని బట్టి. చక్కెర ఎక్కువైన కొద్దీ ద్రవం బరువెక్కి అడుగుకు చేరుతుంది. ఆల్కహాల్ నీటికంటే తేలిక కనుక, తీపి కలపని వోడ్కా వంటివి పైన తేలుతాయి. నూటికి 60 పాళ్లకు పైగా చక్కెర ఉన్న మంచి సిరప్ 100 మిల్లీలీటర్లు దాదాపు 129 గ్రాములు తూగుతుంది. బత్తాయి రసం 104 గ్రాముల దగ్గర ఉంటుంది. ఈ తేడా ఉన్నందువల్లే అసలైన గ్రెనడిన్ రసాన్ని చీల్చుకుని కిందికి దిగుతుంది. నేను కొన్న సీసా లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు చక్కెర కేవలం 9 గ్రాములు అని ఉంది. మిగిలిన తీపి అంతా సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పదార్థానిది. అంటే ఆ సిరప్, బత్తాయి రసం ఇంచుమించు ఒకే బరువు. ఒకే బరువున్న రెండు ద్రవాలను ఎంత ఒడుపుగా పోసినా అవి కలవక మానవు.

నన్ను మోసపుచ్చినది దాని చిక్కదనం. చెంచాలోంచి తేనెలా సాగుతుంటే అది బరువైనదనే నమ్మాను. తీరా చూస్తే పదార్థాల జాబితాలో శాంథన్ గమ్, అంటే 415 సంఖ్యతో రాసే చిక్కబరిచే జిగురు ఉంది. చిక్కదనం వేరు, బరువు వేరు. ఇంట్లో డిజిటల్ త్రాసు ఉన్నవారు సీసా రాగానే 100 మిల్లీలీటర్లు కొలిచి తూచి చూడండి. 120 గ్రాములైనా తూగకపోతే దాన్ని అడుగు పొరకు నమ్ముకోవద్దు. కొనకముందే తెలుసుకోవాలంటే పోషక విలువల పట్టిక ఫొటో చూడండి, అది పెట్టకపోతే అమ్మకందారును అడగండి. ఆ ఫొటో ఇవ్వనివారి దగ్గర కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అదే పుస్తకంలో బీ-52 అనే ప్రసిద్ధమైన మూడు పొరల కాక్‌టెయిల్‌ను కూడా ఈ సిరప్‌లతోనే చేయవచ్చని రాశారు. అసలు పానీయంలో అడుగున కాలువా అనే తీపి కాఫీ మద్యం, నడుమ బెయిలీస్ అనే ఐరిష్ క్రీమ్ మద్యం, పైన గ్రాండ్ మార్నియర్ అనే నారింజ రుచి గల మద్యం ఉంటాయి. మూడింటి సాంద్రతలూ ఆ వరుసలోనే తగ్గుతాయి కాబట్టి అవి నిలుస్తాయి. ఒకే పాళ్లలో చక్కెర కలిపిన మూడు సిరప్‌లకు ఆ తేడా ఎక్కడిది?

ఆ తర్వాతి వారం ఇంట్లోనే మళ్లీ ప్రయత్నించాను. వడగట్టిన దానిమ్మ రసంలో దాని బరువుకు సమానంగా చక్కెర వేసి, సన్నని సెగ మీద కరిగించి చల్లార్చాను. (గ్రెనడిన్ అన్న పేరే దానిమ్మకు ఫ్రెంచి వారు వాడే మాట నుంచి వచ్చింది.) అది బత్తాయి రసం కిందికి రాయిలా దిగింది. పైన సోడాకు బదులు ఐసు ముక్కల మీదుగా, తీపి కలపని శంఖపుష్పం నీళ్లు పోశాను. సోడా బుడగలు పొరలను కుదిపేస్తాయి కనుక దాన్ని మానుకున్నాను. నీలం, పసుపు కలిసే చోట బత్తాయి పులుపుకు సన్నని ఊదా గీత కూడా ఏర్పడింది. ఖర్చు 300 రూపాయలు దాటలేదు.

మూత తీసిన సీసాలు వాపసు తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. పొరలు ఏర్పడతాయని బొమ్మ వేసి అమ్మిన వస్తువుతో పొరలు ఏర్పడకపోవడమే నా ఫిర్యాదు కనుక, ప్రకటన స్క్రీన్‌షాట్, లేబుల్ ఫొటోలు, తూచినప్పటి వీడియో భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి నమోదు చేశాను. ఇదే సెట్ కొని ఉన్నవారు సీసాలు పారవేయకుండా, ముందు లేబుల్‌ను ఫొటో తీసుకోండి. నా దగ్గర మూత తీయనివి ఇంకా మూడున్నాయి. ఫిర్యాదు తేలేవరకు వాటిని అలాగే ఉంచుతున్నాను.