పెద్ద రేటింగ్ వాడు ఎదురైతే: మార్చుకుంటూ పోవాలా, తెగించాలా?

చెస్ టోర్నమెంట్లలో, ఓడినా ఇంటికి పంపకుండా అన్ని రౌండ్లూ ఆడనిచ్చే స్విస్ పద్ధతిలో, మొదటి రౌండ్ మాలాంటి తక్కువ రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) వాళ్లకు గండమే. రేటింగ్ వరస లిస్టులో పై సగాన్ని కింది సగంతో జతకడతారు. అలా గుంటూరులో ఒక టోర్నమెంటులో 1480 ఉన్న నాకు మొదటి రౌండులోనే 1880 తగిలాడు. టీ దగ్గర ఒక పెద్దాయన, "పావులన్నీ మార్చేసుకోవయ్యా, డ్రా అదే వస్తుంది" అన్నాడు.

విన్నాను. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఆరంభంలో మూడో ఎత్తుకే బంట్లు కొట్టుకున్నాం, ఇరవై ఎత్తులకల్లా క్వీన్లు దిగిపోయాయి. సమానంగా ఉందని సంబరపడ్డాను. అతను మాత్రం తాపీగా రాజును నడిపించుకుంటూ మధ్యకు తెచ్చాడు. నా రూక్ ఒక బంటుకు కాపలాగా మూలన ఇరుక్కుంది. 58వ ఎత్తులో ఓటమి ఒప్పుకుని చేయి కలిపేశాను. బోర్డు ఖాళీ అయ్యేకొద్దీ తేడా తగ్గుతుందనుకుంటాం గానీ, బలమైన ఆటగాడి పనితనమంతా ఎండ్‌గేమ్‌లోనే, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశలోనే ఉంటుంది.

తర్వాత విజయవాడలో 1900 వాడితో నల్లపావులు వచ్చాయి. ఈసారి నాకు అలవాటైన కింగ్స్ ఇండియన్ అనే దూకుడు ఆరంభం వేసి, రాజు వైపు బంట్లు తోసుకుంటూ పోయాను. అతను ఒక్క ఎత్తుకే పాతిక నిమిషాలు ఆలోచించాడు. ముప్పయ్యో ఎత్తుకు అతని గడియారంలో నాలుగు నిమిషాలే. నేనూ ఒక గుర్రాన్ని తప్పుగా వెనక్కి తీశాను, లేకపోతే గెలిచేవాణ్ణేమో. చివరికి రాజుకు ఆగకుండా వరస చెక్‌లు ఇవ్వడంతో డ్రా.

రేటింగ్ లెక్క కూడా తెగించమనే చెబుతుంది. తేడా 400 ఉంటే, నా కె-ఫ్యాక్టర్ (ఒక ఆటతో రేటింగ్ ఎంత మారుతుందో తేల్చే గుణకం) 20 కాబట్టి, ఓడితే పోయేది 1.6 పాయింట్లు, డ్రాకు వచ్చేది 8.4, గెలిస్తే 18.4. పైగా విజయవాడలో అతనికి అయినట్టు టైమ్ తక్కువైతే ఎంత పెద్దవాళ్లకైనా కష్టమే. 2025 మహిళల ప్రపంచ కప్‌లో 15వ సీడ్ (రేటింగ్ వరసలో 15వ స్థానం) దివ్యా దేశ్‌ముఖ్ మన గుంటూరు హారికనూ, మన విజయవాడ హంపినీ ఓడించింది ర్యాపిడ్ టైబ్రేక్‌లలోనే, అంటే స్కోరు సమమైతే తక్కువ టైమ్‌తో ఆడించే ఆటల్లోనే. ఆ రెండు రోజులూ మాకు అన్నం సహించలేదు.

తెగించడమంటే ఎప్పుడూ ఆడని గ్యాంబిట్ (దాడి కోసం మొదట్లోనే బంటును బలివ్వడం) వేసి పావులు పారబోయడం కాదు. అలాంటివి వాళ్లు కళ్లు మూసుకుని తిప్పికొడతారు.

నేను పావుల మార్పిడికి దిగేది ఒక్క చోటే: ఎదుట కుర్చీలో కాళ్లు నేలకందని పిల్లవాడు కూర్చున్నప్పుడు. వాడి రేటింగ్ 1450 అంటారు, ఎత్తులు లెక్కపెట్టే వేగం చూస్తే 1800. ముందు క్వీన్లు దింపేసి, వాడికి విసుగొచ్చేదాకా కూర్చుంటాను.