బరంపురంలో రెండు రాత్రులు, గోపాల్‌పూర్‌లో ఒక సాయంత్రం

ముందే ఒక మాట. ఒడిశాలోని బరంపురానికి రైలు టికెట్ తీసుకునేటప్పుడు స్టేషన్ పేరు బ్రహ్మపుర్ అని చూసుకోండి. పశ్చిమ బెంగాల్లో దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. మా పిన్ని కొడుకు శుభలేఖల కట్ట ఒకసారి అటు పోయి, పెళ్ళయిన వారానికి ఇటొచ్చింది. మనవాళ్ళ నోట్లో మాత్రం ఇది ఎప్పుడూ బరంపురమే.

నాన్న 1970ల్లో ఇక్కడి ఖల్లికోట కాలేజీలో చదివారు. మళ్ళీ ఓసారి చూడాలని ఏడాదిగా అంటున్నారు. విశాఖలో పొద్దున్నే రైలెక్కితే భోజనం వేళకు దిగిపోయాం. పిన్ని వాళ్ళది బడా బజార్ సందులో రెండు గదుల ఇల్లు, అందుకే స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. రోజుకు 1,400. పక్కలు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్ళు ఎనిమిది వరకే అన్న సంగతి మాత్రం ఎనిమిదింపావుకు చెప్పారు. నాన్నకు జలుబు చేస్తుందేమోనని నాకు టెన్షన్. ఆయనేమో 'హాస్టల్లో ఇదే కదా' అంటూ చన్నీళ్ళే పోసుకున్నారు.

ఆటో దగ్గర నాన్న గుర్తు తెచ్చుకుని మరీ ఒడియాలో బేరం మొదలుపెట్టారు. డ్రైవర్ రెండు మాటలు విని, 'తెలుగులోనే అడగండి బాబూ' అన్నాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. వి.వి. గిరి పుట్టింది ఇక్కడే. తను చదివే రోజుల్లో బజారు నిండా తెలుగు బోర్డులుండేవని నాన్న అంటారు. ఈసారి స్టేషన్ నుంచి బడా బజార్ దాకా ఇద్దరం లెక్కపెట్టాం. మూడు దొరికాయి. అందులో ఒకదాని మీద సగం అక్షరాలు రాలిపోయాయి. కానీ బోర్డు దాటి లోపలికెళ్తే సంగతి వేరు. పట్టుచీరల కొట్టులో గల్లా దగ్గర పెద్దాయన మాతో ఒడియాలో మాట్లాడుతూనే, నోట్లు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకున్నాడు!

చీర కొనాలంటే అంచు చూడండి. గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభం అంచు బరంపురం పట్టు గుర్తు. 2012లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నేసే దేరా కులస్థుల పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ పెద్దను దేశీబెహరా అంటారు. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో బూఢీ ఠాకురాణీ అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. గుళ్ళో ఉండే అమ్మవారు వీధిలో వేసిన తాత్కాలిక మందిరంలో బస చేస్తుందన్నమాట. యాత్ర లేని ఏడాది వెళ్ళడం మా తప్పే. నేతగాళ్ళ వీధిలో మాకు మగ్గం చప్పుడు ఒక్క ఇంట్లోనే వినిపించింది.

కాలేజీ గురించి ఎక్కువ చెప్పలేను. 1856లో స్కూలుగా మొదలై, 1878లో కాలేజీ అయింది. ఆదివారం కావడంతో గేటు తాళం వేసి ఉంది. నాన్న ఊచల్లోంచే చూశారు.

సముద్రపు ఒడ్డునున్న గోపాల్‌పూర్ బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు. నన్నడిగితే ఒక రాత్రి అక్కడే ఉండాల్సింది. గాలికే డబ్బులివ్వొచ్చు. మధ్యాహ్నం లైట్‌హౌస్ మూసి ఉంది, సాయంత్రం తెరిచాక ఎక్కాం. ఒడ్డున పాత రేవు తాలూకు మొండి స్తంభాలు ఇంకా ఉన్నాయి. 2013లో ఫైలిన్ తుపాను ఈ ఊరి దగ్గరే తీరం దాటింది, అప్పుడూ నిలిచాయి. ఒకప్పుడు బర్మాలోని రంగూన్‌కు వెళ్ళే ఓడలు ఈ రేవు నుంచీ బయల్దేరేవి. మా ఇంట్లో రంగూన్ అనరు, రంగం అంటారు. నాన్న తాతగారు రంగం వెళ్ళి ఆరేళ్ళకు ఒక గొడుగు, ఒక టేకు పెట్టె తెచ్చారట. పెట్టెలో ఇప్పుడు మా అమ్మ బియ్యం పోస్తుంది.

నాన్న ఆ స్తంభాల దగ్గర నించుని కదల్లేదు. చీకటి పడ్డాక ఆటోవాడు రెట్టింపు అడిగాడు. మీరు వెళ్తే రానూపోనూ ముందే మాట్లాడుకోండి.