మరియా బామ్‌ఫర్డ్ ఆత్మకథ: అచ్చు పుస్తకం వద్దు, ఆడియో తీసుకోండి

అమెరికన్ స్టాండప్ కమెడియన్ మరియా బామ్‌ఫర్డ్ 2023లో తెచ్చిన ఆత్మకథ ‘షూర్, ఐల్ జాయిన్ యువర్ కల్ట్’. అచ్చు ప్రతా, ఆడియోనా అని తేల్చుకోలేకపోతే ఆడియోకే డబ్బు పెట్టండి. చదివింది ఆవిడే. గొంతులు మార్చడంలో ఆవిడ దిట్ట. కాబట్టి స్పీడ్ 1 దాటించొద్దు. 1.5కి పెడితే మాటలు అర్థమవుతాయి గానీ, గొంతు మారే ముందు ఇచ్చే చిన్న విరామం నలిగిపోతుంది. మీ యాప్‌లో నిశ్శబ్దాన్ని దాటేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అసలుకే ఎసరు. ఆవిడ మామూలు గొంతే సన్నం, బస్సులో ఫోన్ స్పీకర్ మీద సగం వినపడదు.

ఎక్కడో ఒకచోట ‘మన మనిషి’ అనిపించుకోవాలన్న తపనే పుస్తకమంతా. చిన్నప్పుడు సుజుకి పద్ధతి (విని నేర్చుకునే జపాన్ పద్ధతి) వయొలిన్, పెద్దయ్యాక ఓవరీటర్స్ అనానిమస్ (అతిగా తినేవాళ్లది), డెటర్స్ అనానిమస్ (అప్పులవాళ్లది) లాంటి పన్నెండు మెట్ల బృందాలు, అంటే ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లు ఒకరికొకరు సాయపడుతూ పన్నెండు మెట్లలో బయటపడాలని చూసే బృందాలు. అప్పులవాళ్ల బృందం సంగతి మనవాళ్లు తప్పక వినాలి. చేరడానికి ఫీజు లేదు. సభ్యులు ప్రతి ఖర్చూ రాసుకుంటారు. తోటి సభ్యులు ఇద్దరు పక్కన కూర్చుని ఆ లెక్క చూసి, నెల ఖర్చుకు ఒక ప్రణాళిక వేసుకునేలా సాయం చేస్తారు. అప్పు కంటే దాన్ని దాచుకోవడమే మనిషిని ఎక్కువ ఒంటరిని చేస్తుంది. ఈ పద్ధతి దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే.

ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి వల్ల పదేపదే చేసే పనులతో వేధించే మానసిక జబ్బు) అంటే చేతులు కడుక్కోవడమే అనుకునేవాళ్లు ఆవిడ మాట వినాలి. అయినవాళ్లకే హాని చేస్తానేమోనన్న ఆలోచన వద్దన్నా వస్తుంది. అది కోరిక కాదు, భయం. తోసేసేకొద్దీ తిరిగొస్తుంది. ఈఆర్‌పీ అనే చికిత్సలో ఆ భయానికి కొద్దికొద్దిగా ఎదురు నిలబడటం, ఊరట కోసం చేసే పనిని ఆపుకోవడం నేర్పుతారు. తన బైపోలార్ 2 (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) గురించీ దాపరికం లేదు. అందులోని అతి హుషారు దశ, హైపోమేనియా, బయటికి మామూలు హుషారులాగే కనిపిస్తుంది, అందుకే ఇంట్లోవాళ్లు జబ్బని పట్టుకోలేరు.

కథ వరుసలో సాగదు. మధ్యలో వంటకాల తయారీ కూడా వస్తుంది, కావాలంటే అక్కడ బుక్‌మార్క్ పెట్టుకోండి. టీవీ రంగం సంగతులు అమెరికా బయటివాళ్లకు అంతగా అందవు. ముందుగా నెట్‌ఫ్లిక్స్‌లో ఆవిడ సిరీస్ ‘లేడీ డైనమైట్’ (2016–17) ఒక ఎపిసోడ్ చూస్తే నయం.

ఆత్మహత్య ఆలోచనలు, ఆసుపత్రి, తిండికి సంబంధించిన జబ్బు అన్నీ ఉన్నాయి. మనసు బాగోలేనివాళ్లు స్లీప్ టైమర్ పెట్టుకుని పడుకునే ముందు వినకండి. పగలు, పక్కన మనిషి ఉన్నప్పుడు వినండి. భారంగా అనిపిస్తే ఆపేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.